మూగబోయిన స్పీకరు

ప్రశ్న: మా ఇంట్లో పాటలు వినే స్పీకర్ల జత ఒకటి ఉన్నది. ఆంప్లిఫైయరు కుడివైపు పెట్టెలోనే ఉంటుంది. ఈమధ్య అది పది నిమిషాలు చక్కగా పాడి, ఆ తరవాత ఆగిపోతున్నది. ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఒక గంట ఆగి పెడితే మళ్ళీ పది నిమిషాలు పాడుతుంది. దాన్ని పారేసి కొత్తది కొందామని నాన్న అంటున్నారు. నానమ్మకు సాయంత్రం భజనలు వినకపోతే పొద్దుపోదు. దీన్ని బాగుచెయ్యవచ్చునా?
— ఒక విద్యార్థిని, జహీరాబాదు

జవాబు: బాగయ్యే అవకాశం చాలా ఉన్నదమ్మా. నీ ఉత్తరంలోనే సగం జవాబు ఉన్నది. "పది నిమిషాలు పాడుతుంది, గంట ఆగితే మళ్ళీ పాడుతుంది" అని రాశావు చూడు, వైద్యుడికి నాడి దొరికినట్టు మెకానిక్కుకు ఆ మాట దొరుకుతుంది. అయితే ఆ మాటకు అర్థం తెలియాలంటే, పెట్టె లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

పిల్లలూ, మీలో చాలామంది చెరువు తూము చూసే ఉంటారు. తూము తలుపు ఎత్తటానికి ఒక్క మనిషి చాలు. కాని దానిగుండా పారే నీరు ఎన్నో మడులను తడుపుతుంది. ఆ నీరు మనిషి చేతిలోంచి వచ్చిందా? లేదు, చెరువులోంచి వచ్చింది. మనిషి చేసినదల్లా తలుపును ఎత్తటం, దించటం.

ఆంప్లిఫైయరు చేసే పని కూడా ఇదే. ఫోను నుంచి పాటగా వచ్చేది చాలా చిన్న కరెంటు. అది తలుపు ఎత్తే చెయ్యి. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు చెరువు. పాట హెచ్చినప్పుడు తలుపు పైకి లేస్తుంది, తగ్గినప్పుడు దిగుతుంది. ఆ లెక్క ప్రకారమే గోడ కరెంటు స్పీకరులోకి పారుతుంది. 4 ఓముల స్పీకరుకు 10 వాట్ల శక్తి అందాలంటే సుమారు ఒకటిన్నర ఆంపియర్ల కరెంటు కావాలి. అంత కరెంటును ఫోను ఇవ్వలేదు. అందుకే ఆంప్లిఫైయరు కావలసి వచ్చింది.

ఈ తలుపు పనిని మొదట గాజు వాల్వులు చేశాయి. అమెరికాలో లీ డి ఫారెస్టు 1906లో అటువంటి వాల్వును తయారుచేశాడు. 1925లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు, అయస్కాంతం మధ్య తీగచుట్టను ఉంచి దానితో కాగితపు శంకువును ఆడించే స్పీకరును లోకానికి చూపారు. నేటి స్పీకర్లు చాలావరకు దాని సంతతే. 1926లో అది "రేడియోలా 104" అనే పేరుతో అంగడికి వచ్చింది. అందులో ఆంప్లిఫైయరు కూడా పెట్టెలోనే ఉండేది! అంటే మీ ఇంట్లో ఉన్న ఏర్పాటు వయసు దాదాపు నూరేళ్ళు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. 1958లో జాక్ కిల్బీ ఒకే ముక్కమీద సర్క్యూటునంతా అమర్చి చూపాడు. ఇప్పుడు టి.డి.ఏ. 2030 అనే చిప్పు ఉన్నది. దానికి ఐదే కాళ్ళు, గోరంత పరిమాణం. అదొక్కటే 14 వాట్ల దాకా ఇస్తుంది.

ఆంప్లిఫైయరును స్పీకరు పెట్టెలోనే ఉంచటంలో సుఖం ఉన్నది, కష్టమూ ఉన్నది. తీగల గొడవ తగ్గుతుంది, చోటు కలిసివస్తుంది. కాని ఆ పెట్టెలో ఇద్దరు శత్రువులుంటారు. మొదటిది వేడి. గోడనుంచి తీసుకున్న శక్తి అంతా పాటగా మారదు. చాలా భాగం చిప్పులో వేడిగా మారుతుంది. మూసిన పెట్టెలో గాలి ఆడదు. రెండవది అదురు. పక్కనే స్పీకరు దడదడలాడుతూ ఉంటే బోర్డుమీది సోల్డరు అతుకులకు కొన్నేళ్ళకు కంటికి కనపడనంత సన్నని పగుళ్ళు పడతాయి.

సరే, స్పీకరు పలకటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? మూత విప్పి కాదు, ప్రశ్నలు వేసి. ఒక్కసారికి ఒక్క ప్రశ్న. ఒక్కసారికి ఒక్క మార్పు. ఈ పరీక్షలు మీరే చెయ్యవచ్చు. తీగ మార్చిన ప్రతిసారీ ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు తీయండి.

మొదటి ప్రశ్న: తప్పు నిజంగా ఈ పెట్టెదేనా? ఇంకొక ఫోను పెట్టి చూడండి. తీగ మార్చి చూడండి. తెగిన తీగవల్ల ఎన్ని మంచి స్పీకర్లకు చెడ్డపేరు వచ్చిందో!

రెండవ ప్రశ్న: దీపం వెలుగుతున్నదా? వెలగకపోతే గోడ ప్లగ్గులో ఇంకొక వస్తువు పెట్టి చూడండి. అది పనిచేస్తే ఇబ్బంది స్పీకరు తీగలోనో, ఫ్యూజులోనో, ట్రాన్స్‌ఫార్మరులోనో ఉన్నట్టు.

మూడవ ప్రశ్న: రెండు పక్కలా మూగబోయాయా, ఒక పక్కేనా? ఒక పక్కే అయితే వెనక ఉన్న ఎరుపు, తెలుపు ప్లగ్గులను ఒకదాని చోట ఒకటి మార్చండి. మూగతనం రెండో పక్కకు పోయిందా? తప్పు ఫోనుదో, తీగదో. కదలకుండా అక్కడే ఉన్నదా? తప్పు పెట్టెలోనే.

నాలుగవ ప్రశ్న: ఏ రకం శబ్దం వస్తున్నది? ధ్వని పెంచే మర తిప్పుతుంటే గరగరలాడితే ఆ మరలో దుమ్ము చేరింది. పెట్టెను తట్టితే పాట వచ్చి పోతుంటే అతుకు పగిలింది. పాట వెనక ఎడతెగకుండా "గుంయ్" మని మోగుతుంటే కెపాసిటరు ఎండిపోయి ఉండవచ్చు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. డయోడ్లు ఆ ఊపును ఒకే వైపుకు మళ్ళించినప్పుడు సెకనుకు 100 అలలవుతాయి. ఆ అలలను చదును చేసేది కెపాసిటరు. దానిలోపల తడి ఉంటుంది. వేడికి ఆ తడి ఏళ్ళమీద ఆరిపోతుంది. చుట్టూ ఉన్న వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటరు ఆయుష్షు సుమారు సగమవుతుంది. తడి ఆరాక అలలు చదును కావు, అవే మనకు "గుంయ్" మని వినపడతాయి.

ఐదవ ప్రశ్న: ఎప్పుడు ఆగుతున్నది? ఇదే నీ ప్రశ్న, అమ్మాయీ! చల్లగా ఉన్నప్పుడు పాడి, కొంతసేపటికి ఆగి, చల్లారాక మళ్ళీ పాడితే ముందుగా వేడిని అనుమానించాలి. ఇటువంటి చిప్పులు చాలావాటిలో ఒక కాపలాదారు ఉంటాడు. లోపలి వేడి సుమారు 150 డిగ్రీలకు చేరితే, కాలిపోకుండా వాడు పాటను ఆపేస్తాడు. నీ స్పీకరు చచ్చిపోలేదు. తనను తాను కాపాడుకుంటున్నది. కనక ఈ సాయంత్రమే చూడు. పెట్టె వెనక గోడకు ఆనుకుని ఉన్నదా? పైన అల్లిక గుడ్డ కప్పారా? వెనక ఉన్న అల్యూమినియం పలకకు దుమ్ము పట్టిందా? గుడ్డ తీసి, పెట్టెను గోడకు జానెడు దూరం జరిపి, ప్లగ్గు తీసి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి మళ్ళీ పెట్టి చూడు. ఖర్చులేని వైద్యం ఇది. దీనితో తగ్గకపోతే చిప్పును పలకకు బిగించే మర వదులై ఉండవచ్చు, మధ్య రాసే తెల్లని ముద్ద ఎండి ఉండవచ్చు. అది మెకానిక్కు చూడవలసిన పని.

పిల్లలూ, మూత మాత్రం మీరు ఎన్నడూ విప్పకండి. లోపలికి వచ్చేది 230 వోల్టుల కరెంటు. అంతేకాదు. బరువైన ట్రాన్స్‌ఫార్మరు లేని కొత్తరకం పెట్టెల్లో ఒక కెపాసిటరు 300 వోల్టులకు పైగా నిలవ చేసుకుంటుంది. ప్లగ్గు పీకినా అది కొంతసేపు అలాగే ఉంటుంది. చెరువు తూము మూసినంతమాత్రాన చెరువు ఎండిపోదు కదా! స్పీకరు పోతే ఇంకొకటి వస్తుంది, ప్రాణం రాదు.

పెద్దలకు ఒక మాట. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయినప్పుడు "పాడైపోయింది" అని ఊరుకోకండి. పై ఐదు ప్రశ్నలకూ జవాబులు చెప్పండి. పని సగం తగ్గుతుంది. తెలిసిన మెకానిక్కు ముందు కంటితో చూస్తాడు: తల ఉబ్బిన కెపాసిటరు ఉన్నదా, అతుకు చుట్టూ ఉంగరంలా పగులు ఉన్నదా అని. కెపాసిటరు మారిస్తే పాతదాని విలువే వెయ్యాలి. దానిమీద రాసి ఉన్న వోల్టులు పాతదానికంటే తక్కువ కాకూడదు. ఎదురు బిగిస్తే పేలుతుంది. చిప్పు మార్చాక సరాసరి గోడకు పెట్టకుండా, ముందు సీరీస్ బల్బు గుండా కరెంటు ఇస్తాడు. లోపల ఇంకా షార్టు ఉంటే ఆ ఫిలమెంటు బల్బు భగ్గున వెలిగి చెప్పేస్తుంది, కొత్త చిప్పు బతుకుతుంది. చిప్పు ఒక్కటే మార్చి ఊరుకుంటే చాలదు. అది ఎందుకు పోయిందో కూడా కనుక్కోవాలి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

బోర్డు బొగ్గయి, స్పీకరు చుట్ట కూడా కాలిపోతే బాగుచెయ్యటం లాభం కాదు. అప్పుడు దానిని చెత్తకుండీలో వెయ్యకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. కాని ఒక చిన్న కెపాసిటరుకోసం చెక్కపెట్టెనూ, అయస్కాంతాన్నీ, రాగి చుట్టనూ పారెయ్యటం, దారం తెగిందని గాలిపటాన్ని చింపటంలాంటిది.

ఇవన్నీ ఇంజనీర్ల సంగతులు, మనకెందుకు అనుకోకండి. జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలయింది. దానిని నడిపించినది పల్లెటూరి స్త్రీలు. పొలం పనులు తెలిసిన ఆ చేతులే మైకులనూ, రికార్డింగు యంత్రాలనూ నేర్చుకున్నాయి. యంత్రం ఎవరికైనా వశమవుతుంది. ఓపికగా ప్రశ్న అడిగితే చాలు.

చేసి చూడండి: ఎక్కడా తగిలించని పాత స్పీకరు ఒకటి, 1.5 వోల్టుల బాటరీ ఒకటి తెచ్చుకోండి. స్పీకరు రెండు కొసలకూ బాటరీని ఒక్క క్షణం తాకించండి. "టప్" మని శంకువు ముందుకో వెనక్కో కదులుతుంది. బాటరీని తిప్పి తాకిస్తే రెండోవైపుకు కదులుతుంది. ఏ శబ్దమూ రాకపోతే చుట్ట తెగినట్టే. ఇప్పుడు రెండు సెకన్లపాటు తాకించి ఉంచండి. శంకువు ఒక పక్కకు వాలి కదలకుండా నిలబడుతుంది. పాట లేదు, కాని కరెంటు పారుతూనే ఉన్నది. మరి ఆ శక్తి అంతా ఎటు పోతున్నట్టు? పాడైన ఆంప్లిఫైయరు మంచి స్పీకరును ఎలా కాల్చేస్తుందో మీకే తెలిసిపోతుంది.