చిల్లరవర్తకునికి కాలనీలోనే చోటు కావలెను

కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీలో రాకపోకల సౌకర్యమను పేర చిల్లరవర్తకులను ఒక మలుపునుండి మఱొక మలుపునకు తఱుముట మానుకొని, వారికి ఈ కాలనీలోనే, ఈ జనసమ్మర్దము నడుమనే, చట్టబద్ధమైన స్థిరస్థానమును ప్రభుత్వము వెంటనే కల్పింపవలెనని మా నిశ్చితాభిప్రాయము.

అల్పాదాయవర్గములకును మధ్యతరగతి ఉద్యోగులకును ఇండ్లు సమకూర్చు సదుద్దేశముతో నాటి ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణమండలి ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అను తరగతులుగా ఈ కాలనీని నిర్మించిన కాలమున, బొంబాయి రహదారి ప్రక్కనున్న ఈ ప్రదేశము నగరమునకు వెలుపలిదిగనే గణింపబడుచుండెను. తొలుత వచ్చి కాపురములు పెట్టినవారికి ఉప్పుపప్పులు మొదలు బడిపిల్లల పలకాబలపములవఱకు అందించినవారు ఇంటి ముందుగదినే కొట్టుగా మార్చుకొన్న గృహస్థులును, చుట్టుపట్ల పల్లెలనుండి కూరగంపలు నెత్తిన బెట్టుకొని వచ్చిన స్త్రీలును. జీతము చేతికి వచ్చువఱకు ఖాతాలో వ్రాసికొని సరుకులిచ్చిన కిరాణాకొట్ల ఋణము ఇక్కడి తొలితరము నేటికిని మఱువలేదు.

1998లో మాదాపురమున సాఫ్ట్‌వేరు సంస్థలకై సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప, అచటికి అనతిదూరమున నుండుటచేత ఈ కాలనీకి కోస్తా జిల్లాలనుండియు తెలంగాణ జిల్లాలనుండియు యువజనులు తండోపతండములుగా రాసాగిరి. వీధివీధికిని హాస్టళ్లు వెలసెను. గదిలో అన్నము మాత్రము వండుకొని, సాయంకాలము కర్రీ పాయింటులో పప్పు, వేపుడు, సాంబారు పొట్లములుగా కట్టించుకొని పోవు జీవనవిధానమిక్కడ స్థిరపడెను. ఉద్యోగము దొరకని నెలలలో తక్కువ ఖర్చుతో కడుపు నింపి, ఎందఱో యువకులను ఈ నగరమున నిలబెట్టినది ఈ చిన్న కొట్లును, టిఫిను బండ్లును గదా! నేడు పెద్ద జీతములు గొనుచున్నవారిలో ఆ బండిచెంత నిలబడి ఇడ్లీ తినని వారెందఱుందురు?

పిమ్మట 2014లో ఒక పెద్ద మాల్, 2017 నవంబరులో మియాపురమునుండి మెట్రో, 2023లో మఱొక పెద్ద మాల్ వచ్చినవి. 2025లో గృహనిర్మాణమండలి ఇక్కడి భూమిని వేలము వేయగా ఎకరము 70 కోట్ల రూపాయలు పలికినది. మాల్‌లయెడల మాకు ద్వేషము లేదు. నడివేసవిలో వృద్ధులకు చల్లని నీడయు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డియు అక్కడ లభించుట చిన్న మేలు కాదు. కాని భూమివిలువ ఇట్లు పెరిగినపుడు అద్దెయు పెరుగును. అద్దె పెరిగినచోట టైలరు, గడియారములు బాగుచేయువాడు, పిండిమర నడుపువాడు నిలువజాలరు. ఈ ధాటికి హద్దు నిర్ణయింపవలసినది ప్రభుత్వమే.

ఫుట్‌పాత్ నడచువారిదన్న వాదము న్యాయమైనదే. వృద్ధులు కాలిబాట దొరకక వాహనముల నడుమ దిగి నడచుట మేమును నిత్యము చూచుచున్నాము. అయితే ఆ బాటను ఆక్రమించినది బండి యొక్కటియేనా? పెద్ద షోరూముల ముందు వరుసలు తీర్చిన మోటారుసైకిళ్లను కదలింపక, కొత్తిమీరకట్టలమ్ము వృద్ధురాలి తట్టను మాత్రము ఎత్తివేయుట న్యాయమనిపించుకొనదు. రాత్రి పది గంటలకు మెట్రో దిగి హాస్టలునకు ఒంటరిగా నడచిపోవు యువతికి, దీపము వెలుగుచున్న పూలబండియు, మనుష్యులు నిలబడియున్న టిఫిను బండియు ఎంత ధైర్యమో ఆమె తల్లిదండ్రుల నడిగినచో తెలియును.

వీథివర్తకుల జీవనోపాధి రక్షణకై పార్లమెంటు 2014లోనే చట్టము చేసినది. అయిదేండ్లకొకసారి వర్తకులను లెక్కింపవలెననియు, ఆ లెక్క ముగిసి ధ్రువపత్రములిచ్చువఱకు ఎవ్వరిని తొలగింపరాదనియు, ప్రతి పట్టణమునందును నియమింపవలసిన కమిటీలో 40 శాతమునకు తక్కువగాక వర్తకుల ప్రతినిధులే యుండవలెననియు, వారిలో మూడవవంతు స్త్రీలు కావలెననియు అది శాసించుచున్నది. తరలింపు కడపటి మార్గము మాత్రమే. అట్లు తరలించుటకైనను 30 దినముల నోటీసు తప్పదు. ఏబదియేండ్లకు మించి నడచిన సహజ విపణిని వారసత్వ విపణిగా ప్రకటించి కదలింపకుండ కాపాడవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. మన కాలనీ విపణికి ఆ వయస్సు ఇంకను నిండలేదు. నిండకమునుపే దానిని చెదరగొట్టినచో, ఆ రక్షణ మన బిడ్డలకు ఎన్నటికిని దక్కదు.

కావున నగరపాలక సంస్థ తొలుత వర్తకుల లెక్కను పూర్తిచేసి, బండ్లు నిలుపదగిన చోట్లకు గీతలు గీసి, నీరు, దీపము, మరుగుదొడ్డి ఏర్పాటు చేయవలెను. మిగిలిన ఫుట్‌పాత్‌ను మోటారువాహనములతో సహా అందఱి ఆక్రమణలనుండియు విడిపింపవలెను. ఊరిచివర ఎక్కడనో చోటు చూపి చేతులు దులుపుకొనుట పనికిరాదు. కొనువారు లేనిచోట అమ్మువాడు బ్రతుకడు. వేలముద్వారా వచ్చిన ధనములో కొంతభాగముతో, మెట్రో స్టేషనులకు నడకదూరమున, స్వల్పమైన అద్దెకు కొట్లు దొరకునట్లు ఒక విపణిభవనమును గృహనిర్మాణమండలి నిర్మింపవలెను. ఈ కాలనీలో ఆ మండలి చేత మిగిలియున్న స్థలములలో దానికి తగినదేదో ముందు గుర్తించి ప్రకటించునంతవఱకు మఱొక వేలము ప్రకటన వెలువరింపరాదు.