ఆ మరక వేడి కాదు

సూరత్ కతర్‌గామ్‌లో ఇంట్లోనే కూర్చుని చీరలకు ధాగా (దారం) కటింగ్ చేసుకునే మన ఆడవాళ్లకు ఈ మాట వెంటనే చేరాలి. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ ఎరుపు కనిపిస్తే, ఒక్క చుక్కయినా సరే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి.

మనం చేస్తున్నది వేరు. లంగా ఉతికేటప్పుడు మరక కనబడుతుంది. కోడలి కంట పడకుండా సబ్బు రుద్ది, డాబా మీద కాక బాత్‌రూమ్‌లోనే ఆరేస్తాం. వేడి చేసిందని రెండ్రోజులు సబ్జా నీళ్లు తాగుతాం. ఎరుపు ఆగుతుంది, వేడి తగ్గిందనుకుంటాం. మూడు నెలలకు మళ్లీ కనబడితే "ఊరికి పోయినంక చూపించుకుంటా" అంటాం. ఊరేమో కరీంనగర్ అవతల. పోయేది దసరాకో, పెళ్లికో.

గర్భసంచి లోపొర కేన్సర్ పదిమందిలో తొమ్మిదిమందికి ఈ రక్తంతోనే బయటపడుతుంది. అలాగని హడలిపోనక్కర్లేదు. ముట్లుడిగాక రక్తం కనిపించిన వందమందిలో కేన్సర్ తేలేది సుమారు 9 మందికే. ఆ తొమ్మిదిమందిలో మీరు లేరని సబ్జా గింజలు చెప్పలేవు కదా! జబ్బు గర్భసంచి దాటకముందే దొరికితే, అమెరికా లెక్కల్లో అయిదేళ్లు బతికేవాళ్లు వందకు 95 మంది. దూరపు అవయవాలకు పాకాక దొరికితే సుమారు 20 మందే.

ఒంట్లో కొవ్వు ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తుంది. ముట్లుడిగాక దాన్ని అదుపు చేసే ప్రొజెస్టిరాన్ ఉండదు, లోపొర మందమవుతుంది. అందుకే బరువు, షుగర్ ఉన్నవాళ్లు, పిల్లలు కలగనివాళ్లు, రొమ్ము కేన్సర్‌కు టామాక్సిఫెన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త. పాప్ స్మియర్ బాగుందని ధీమా వద్దు, అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. స్కానింగ్‌లో పొర 4 మిల్లీమీటర్లు మించినా, రక్తం మళ్లీ మళ్లీ వస్తున్నా ముక్క తీసి పరీక్ష (బయాప్సీ) చేయాల్సిందే.

చిన్న వయసులోనే గర్భసంచి తీయించడంలో తెలుగు రాష్ట్రాలు దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ముప్పయ్యేళ్లకు తెల్లబట్టకే సంచి తీయించేస్తాం, అరవయ్యేళ్లకు ఎరుపు కనిపిస్తే ఊరుకుంటాం. ఇదెక్కడి లెక్క? ముక్క పరీక్ష లేకుండా "సంచి తీసేద్దాం" అంటే ఒప్పుకోకండి. కేన్సరని ముందే తెలిస్తే ఆపరేషన్ తీరే మారుతుంది. అండాశయాలు, గొట్టాలు కూడా తీస్తారు, అవసరాన్నిబట్టి లింఫ్ గ్రంథులూ చూస్తారు.

ఆపరేషన్ అయినవాళ్లూ వినండి. ఈ జబ్బు తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే. సంచి తీసేశారు కదా, ఇంకెక్కడి రక్తమని కొట్టిపారేయొద్దు. యోని పైకొసన మాత్రమే తిరగబెడితే రేడియేషన్‌తో చాలామందికి నయమవుతుంది. ఊరికి వెళ్లినా బయాప్సీ రిపోర్టు చేతిసంచీలో ఉండాలి.

సూరత్‌లో స్మిమేర్, న్యూ సివిల్ ఆస్పత్రులున్నాయి. గుజరాత్ ఆయుష్మాన్ కార్డు మీద 2023 జూలై నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల దాకా వైద్యం ఉంది. గుజరాతీ రాదని ఆగిపోకండి. ముట్లుడిగాక రక్తం వచ్చిందని ఇలా చెప్పండి: "మాసిక్ బంధ్ థయా పఛీ లోహీ ఆవ్యుం." నోరు పెగలకపోతే కోడలి చేత చీటీ మీద రాయించుకుని గైనిక్ ఓపీలో చూపించండి.