తొంభై శాతం దాటింది... అయితే ఏంటట?

సర్వరుకి డిస్క్ ఎలర్టు పెట్టమంటే మనవాళ్ళు చేసేది ఒకటే. 'డీఎఫ్' కమాండు చుట్టూ నాలుగు లైన్ల స్క్రిప్టు, క్రాన్‌లో ఒక ఎంట్రీ, 90 శాతం దాటితే టీమ్ మొత్తానికీ మెయిలు. అయిపోయింది! చెక్‌లిస్టులో టిక్కు పెట్టి టీకి వెళ్ళిపోతారు. నన్నడిగితే అది ఎలర్టే కాదు. రేపు డిస్కు నిండాక "మేం ముందే చెప్పాం కదా" అనడానికి దాచుకున్న సాక్ష్యం.

అసలీ 90 ఎక్కణ్ణించొచ్చింది? 4 టీబీ డిస్కు 90 శాతం నిండినా ఇంకా 400 జీబీ ఖాళీ. రోజుకో జీబీ పెరిగే చోట ఏడాది పైన సరిపోతుంది. అదే 20 జీబీ డిస్కులో మిగిలేది 2 జీబీ. ఎవడో డీబగ్ లాగింగ్ ఆన్ చేసి వదిలేస్తే నిమిషాల్లో హాంఫట్! రెండిటికీ ఒకటే గీత గీస్తే మొదటిది ఏడాదంతా ఊరికే అరుస్తుంది, రెండోది అరిచేలోపే చస్తుంది. ఊరికే అరిచే మెయిళ్ళని ఏం చేస్తాం? రూలు పెట్టి ఓ ఫోల్డర్లోకి తోసేస్తాం. "నాన్నా పులి" కథ చిన్నప్పుడే విన్నాం కదండీ!

ఇంకో తమాషా. చాలా లినక్సు సర్వర్లలో మెయిలు క్యూ ఉండేది 'వార్' డైరెక్టరీలోనే. లాగులూ అక్కడే. లాగులతో ఆ డిస్కు పూర్తిగా నిండితే, నిండిందని చెప్పాల్సిన మెయిలుకీ చోటుండదు. అలాగే చిన్న ఫైళ్ళు లక్షల్లో పోగై ఐనోడ్లు అయిపోతే, జీబీలు ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. మన స్క్రిప్టుకి అది కనపడనే కనపడదు.

"ఇవన్నీ జూనియర్లు చూసుకునే చిల్లర పనులు" అనే మేనేజర్లకో ముక్క. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా 14 ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. సైబర్ దాడి కాదు. రెండ్రోజుల ముందు మెయింటెనెన్సులో డేటాబేసు సర్దుతుంటే డిస్కులో చోటు చాల్లేదని కంపెనీయే ప్రకటించింది. బ్యాకప్ సర్వర్లూ అదే సిస్టమ్ మీద ఉండటంతో అవీ అలాగే చతికిలబడ్డాయి. శుభ్రం చేసే పనికీ చోటు కావాలి మహాప్రభో!

అడగాల్సింది "ఎంత నిండింది?" అని కాదు, "ఇంకెంతసేపట్లో నిండుతుంది?" అని. ప్రొమీథియస్‌లో 'ప్రెడిక్ట్ లీనియర్' అనే ఫంక్షను ఉన్నది అందుకే. ఇదే జోరులో నాలుగు గంటల్లో నిండేట్టుంటే ఒక్క మనిషికి ఫోను, నాలుగు రోజుల్లో అయితే టికెట్టు. ఏది చెరపొచ్చో, ఏది ముట్టుకోకూడదో ఆ మెసేజీలోనే రాయాలి. అర్ధరాత్రి మూడింటికి లేచినవాడు నిద్రకళ్ళతో డేటాబేసు ఫైలు చెరిపేస్తే తప్పెవరిది? మర్నాడు మీటింగులో తిట్లు తినేది మాత్రం వాడే!

మీ ఎలర్టు మీద అంత నమ్మకమా? అయితే రేపు టెస్టు సర్వర్లో ఓ పెద్ద ఫైలు పెట్టి డిస్కు నింపండి. ఎవరి ఫోను మోగుతుందో చూద్దాం.