అడ్వాన్సు తీసుకున్నాక రేటు మార్చొచ్చునా?

మా నాయన రోజాపూల తోట చేస్తాడు. హోసూరు చుట్టుపక్కల ఊర్లలో ఇది కొత్త సంగతి ఏమీ కాదు. మా తరగతిలోనే సగం మంది ఇండ్లల్లో పూల పని ఉండాది. పోయిన ఏడు జనవరిలో బెంగళూరు వ్యాపారి ఒకాయన వచ్చి, ఫిబ్రవరి నెలాఖరు దాకా కట్ట 120 రూపాయలని మాట్లాడి, అడ్వాన్సు చేతిలో పెట్టి పోయినాడు. ఇరవై పూలు ఒక కట్ట. ఫిబ్రవరి 14 దగ్గర పడేకొద్దీ మార్కెట్టులో కట్ట 300 దాటింది. "ఇంకో ఇరవై రూపాయలైనా ఎక్కువ అడగరాదా?" అనింది అమ్మ. "అడిగేదుంటే దుడ్డు తీసుకోక ముందు అడగాల. తీసుకున్నాక ఏ మొగము పెట్టుకొని అడిగేది?" అన్నాడు నాయన. ఆ వారమంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ముండ్లు గీరుకుంటా, 120 రూపాయలకే కోసి ఇచ్చినాము.

ఆ నాయనే మా అవ్వ కోసం ఒక వీడియో కంపెనీకి ఏడాది దుడ్డు ముందుగానే కట్టినాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. కథ మా ఇంటిది, పేరు ఏది పెట్టినా మీ ఇంటికీ సరిపోతుంది.

అవ్వకు మోకాళ్ళు పని చెయ్యవు. గడప దాటి పోలేదు. తమిళం వింటే అర్థమవుతుంది కానీ నవ్వు రాదు అంటుంది. ఆమెకు నవ్వు వచ్చేది తెలుగులోనే. మా కేబుల్‌లో తమిళ ఛానెళ్ళు వరసగా వస్తాయి, కన్నడవి కొన్ని వస్తాయి, తెలుగువి కావాలంటే విడిగా అడిగి విడిగా కట్టాల. టౌనులో తెలుగు సినిమా ఆడినా అవ్వను అంత దూరం ఎత్తుకొని పోలేము కదా. అందుకని ఈ ప్లాను. పాత సినిమాలు చాలా ఉండాయి అని చూపించినారు, అది చూసే కట్టినాము. అవ్వ 'మాయాబజార్' పెట్టించుకుంది. 1957లో వచ్చిన ఆ సినిమాను ఆమె చిన్నప్పుడు టెంటులో నేల మీద కూర్చొని చూసిందంట. ఒక రాత్రి ఘటోత్కచుడు లడ్లు మింగే దాకా చూసి, నిద్ర వస్తా ఉంది, మిగతాది రేపు పెట్టు అని పండుకుంది. మరుసటి దినము సాయంత్రం పెడితే 'ఈ వీడియో మీ ప్లానులో లేదు, ప్లాను పెంచుకోండి' అని వచ్చింది. మేము కట్టిన ఏడాదిలో అది ఐదో నెల.

నిన్న ఉన్నది ఈ దినము ఎట్ల లేకుండా పోతుంది అని అవ్వ అడిగింది. నేను పదో తరగతి చదువుతా ఉండాను, గణితంలో మంచి మార్కులు వస్తాయి, అయినా ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోయినాను. ఈ వ్యాసం రాసేది అందుకే.

రేటు పెంచడం గురించి నేను కొట్లాడడం లేదు. ఇది ముందే చెప్పాల, ఎందుకంటే పెద్దవాళ్ళు వెంటనే "పాలు పెరిగినాయి, బస్సు పెరిగింది, ఇదీ పెరుగుతుంది" అంటారు. పెరగనీ. పాలవాడు రేపటి పాలకు రేటు పెంచుతాడు, నిన్న తాగిన పాలకు కాదు. నెలకంతా ముందుగా దుడ్డు తీసుకొని, పదిహేనో తేదీ నుంచి లీటరుకు బదులు ముప్పావు పోస్తే ఊరుకుంటామా? చెంబు పట్టుకొని వీధిలోకి వస్తాము. ఫోనులో అదే పని జరిగితే మాత్రం తల వంచుకొని 'సరే' అనే బొత్తాన్ని నొక్కుతాము.

అందరికీ తెలిసిన లెక్కలే కొన్ని చూడండి. అమెజాన్ ప్రైమ్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడు ఏడాదికి 499 రూపాయలు. తర్వాత 999 అయింది. 2021 డిసెంబరులో 1499 అయింది. అందులో సామాన్లు ఇంటికి తెచ్చిచ్చే సౌకర్యం కూడా కలిసి ఉంది, ఆ మాట దాచను. కానీ 2025 జూన్ 17 నుంచి సినిమాల మధ్యలో ప్రకటనలు పెట్టినారు. ప్రకటనలు వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలన్నారు. 'సభ్యత్వం రేటు మేము పెంచలేదు' అని వాళ్ళు చెప్పొచ్చు. నిజమే, పెంచలేదు. అంతకు ముందు దాకా ఏ వస్తువు 1499కి వచ్చిందో అదే వస్తువు అప్పుడు 2198 అయింది, అంతే! దీన్ని పెంచడం అనకపోతే ఏమనాలో మా తెలుగు సారునే అడగాల.

హాట్‌స్టార్ 2021 సెప్టెంబరులో 399 రూపాయల ప్లానును తీసేసింది. ఫోనులో మాత్రం చూసేవాళ్ళకు 499, టీవీలో కూడా చూడాలంటే 899 అని పెట్టింది. ఐపీఎల్ సంగతి మగపిల్లలకు నా కంటే బాగా తెలుసు. 2023లో, 2024లో జియోసినిమాలో ఊరికే చూపించినారు. 2025లో రెండు కంపెనీలు కలిసి జియోహాట్‌స్టార్ అయినాక, కొన్ని నిమిషాలు చూడనిచ్చి తర్వాత ప్లాను కొనమన్నారు. ఊరికే ఇచ్చేది అలవాటు చెయ్యడానికి, అలవాటైనాక అమ్మడానికి. మా ఊరి జాతరలో బెలూన్ల అబ్బి కూడా ఇంతే, మొదటిది చంటిబిడ్డ చేతికి ఊరికే ఇస్తాడు. కానీ వాడు ఇచ్చిన బెలూనును మళ్ళీ పెరుక్కోడు.

న్యాయంగా ఇంకొకటి చెప్పాల. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో రేట్లు తగ్గించింది. ఫోను ప్లాను 199 నుంచి 149కి, బేసిక్ ప్లాను 499 నుంచి 199కి దిగినాయి. తగ్గించగలరు, తగ్గించినా బతకగలరు అని దాన్నిబట్టే తెలిసింది. కానీ అదే కంపెనీ 2017లో పాస్‌వర్డు పంచుకోవడమే ప్రేమ అని అర్థం వచ్చేటట్లు ట్విట్టరులో రాసి, 2023 జూలైలో మన దేశంలో ఒక ఖాతా ఒక ఇంటికే అని గీత గీసింది. ఇల్లు అంటే ఏమిటి? మా ఊర్లో చాలా ఇండ్లల్లో పెద్దకొడుకు బెంగళూరులో పని చేస్తాడు. ఇక్కడికి నలభై కిలోమీటర్లు. శనివారం రాత్రి బస్సు దిగుతాడు, సోమవారం తెల్లారి పోతాడు. రేషను కార్డులో వాడి పేరు ఉండాది, అవ్వ వాడికి కూడా కలిపి బియ్యం కడుగుతుంది. మాకు వాడు ఇంటివాడే. కంపెనీకి మాత్రం వేరే ఇంటివాడు. ఏడాది పొడుగునా పొత్తు తెలియని ఊరోళ్ళకు పాస్‌వర్డులు పంచేవాళ్ళు కూడా ఉండారు, వాళ్ళను నేను వెనకేసుకొని రావడం లేదు. కానీ మా వంటింట్లో ఎవరు తినాల అని ఎక్కడో కూర్చున్నవాళ్ళు తీర్పు చెప్పడం ఏమి న్యాయం?

నేను ఈ మాటలు అంటే మా మామ ఒప్పుకోలేదు. ఆయన కంప్యూటరు పని చేస్తాడు. "అమ్మాయీ, ఆ సినిమాలు కంపెనీవి కావు. నిర్మాత దగ్గర, హక్కులు కొన్నవాళ్ళ దగ్గర ఇన్నేండ్లు అని అద్దెకు తెస్తారు. గడువు అయిపోతే తియ్యక తప్పదు" అన్నాడు. ఒప్పుకుంటాను. మాకు తెలియని విషయం, చెప్పినందుకు మంచిదే అయింది. అయితే ఆ గడువు ఎప్పటి దాకానో కంపెనీ కాగితాల్లో ఉంటుంది కదా? మా చేతి నుంచి ఏడాది దుడ్డు తీసుకునే దినమే 'ఈ సినిమా ఫలానా తేదీ దాకా ఉంటుంది' అని పక్కన చిన్నగా రాస్తే ఏమి పోతుంది? బిస్కెట్టు పొట్లం మీద తేదీ రాస్తారు. మందు సీసా మీద రాస్తారు. అవ్వ చూసే సినిమా మీద రాయరు.

మామ అంతటితో ఆగలేదు. "ఎప్పుడైనా ఏదైనా మార్చొచ్చు అని షరతుల్లో ఉండాది. మీరు ఒప్పుకున్నారు" అన్నాడు. నేను ఫోను తీసి ఆ షరతులు చదివే పని పెట్టుకున్నాను. అంతా ఇంగ్లీషు. జరిపేకొద్దీ వస్తానే ఉంది. తెలుగులో చదివే వీలు నాకు ఎక్కడా కనబడలేదు. కానీ మాకు ప్లాను అమ్మిన ప్రకటన మాత్రం చక్కని తెలుగులో ఉండె! అమ్మేటప్పుడు మా భాష, చెయ్యి కట్టేసేటప్పుడు వాళ్ళ భాష. తమిళనాడులో తెలుగు పిల్లలం మేము, పదిలో తమిళ పేపరు రాస్తాము, ఇంగ్లీషు రాస్తాము, ఇంట్లో పక్కింటోళ్ళతో కన్నడ కూడా మాట్లాడతాము. భాషలు మాకు బరువు కాదు. కానీ మూడు భాషలు వచ్చిన నాకే తల తిరిగితే, వేలిముద్ర వేసే అవ్వ దేనికి ఒప్పుకున్నట్లు?

"నచ్చకపోతే మానెయ్యండి" అనేది ఇంకో మాట. మానేస్తాము. మిగిలిన ఏడు నెలల దుడ్డు తిరిగి ఇస్తారా? మేము అడిగినాము. ఇవ్వరంట.

మా తరగతిలో కొందరు నవ్వినారు. "నీకు ఎందుకే ఈ గోల, టెలిగ్రాంలో అన్నీ ఊరికే దొరుకుతాయి కదా" అని. దొంగతనంగా వచ్చేది నాకు వద్దు. సినిమా తీసినోళ్ళలో లైట్లు మోసేవాళ్ళు ఉంటారు, కుట్టుపని చేసేవాళ్ళు ఉంటారు. తోటలో రాత్రిపూట ఎవరో వచ్చి పూలు కోసుకొని పోతే మాకు ఎట్ల ఉంటుందో నాకు తెలుసు. కానీ దుడ్డు కట్టినవాళ్ళకు సగంలో సినిమా ఆపేసి, కట్టనివాళ్ళకు చివరి దాకా దొరికేటట్లు చేస్తే, ఎవరిని ఎటు తోస్తా ఉండారో కంపెనీలే ఆలోచించుకోవాల.

సర్కారు ఏమీ చెయ్యలేదా అంటే, కొన్ని చేసింది. కేబుల్‌ సంగతిలో ట్రాయ్ పద్ధతి పెట్టినాక ఒక్కో పే ఛానెలు రేటు విడిగా ప్రకటించాల, మనకు కావలసింది మనం ఏరుకోవచ్చు. ఈ వీడియో కంపెనీలకు ఆ రేట్ల పద్ధతి వర్తించదు. 2021 అక్టోబరు నుంచి, బ్యాంకు ఖాతాలో తనంతట తానే పోయే కంతు దుడ్డుకు 24 గంటల ముందు తెలపాలని రిజర్వు బ్యాంకు పద్ధతి తెచ్చింది. కంపెనీలు మొదట ఇబ్బంది పడినాయి, తర్వాత సర్దుకున్నాయి. 2023 నవంబరులో వినియోగదారుల శాఖ ఆన్‌లైను మోసపు ఎత్తులు పదమూడింటికి పేర్లు పెట్టి వద్దని చెప్పింది. మానేసే దారి కనబడకుండా దాచిపెట్టడం అందులో ఒకటి. దుడ్డు తీసుకున్నాక సగం ఏడాదిలో షరతు మార్చడం అని ఆ పదమూడింటిలో పేరు పెట్టి చెప్పలేదు. అది పద్నాలుగోది కావాల.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయపు ఒప్పందం' అని ఒక మాట ఉండాది. ఒక పక్షం వాళ్ళు మాత్రమే కారణం లేకుండా ఒప్పందం తెంచుకునే వీలు పెట్టుకుంటే అది అందులోకి వస్తుంది. చదివి సంతోషపడినాను. తర్వాత చూస్తే, అట్లాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వెయ్యాలంట. మాకు అది చెన్నైలో. ఇప్పుడు ఆన్‌లైనులో వెయ్యొచ్చు అంటారు, సరే. కానీ కొన్ని వందల రూపాయల కోసం పూలు కోసుకునే మనిషి రాష్ట్ర కమిషన్ మెట్లు ఎక్కుతాడా? ఎక్కడని తెలిసే కదా ఇదంతా జరుగుతా ఉండేది.

నేను అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. దుడ్డు తీసుకున్న దినము ఏమి ఉందో, ఆ దుడ్డుకు గడువు తీరే దాకా అదే ఉండనీ. రేటు గానీ ప్రకటనలు గానీ ఎన్ని టీవీలు అనే లెక్క గానీ, మార్చేదంతా వచ్చే ఏటి నుంచి మార్చుకోనీ. తప్పక మధ్యలో మార్చాల్సి వస్తే మిగిలిన నెలల దుడ్డు అడగకుండానే తిరిగి రావాల. ఏ భాషలో ప్రకటన వేసి అమ్ముతారో ఆ భాషలోనే షరతులు కూడా చెప్పాల.

1915 అనే వినియోగదారుల నంబరుకు నాయన చేత ఫోను చేయించినాను. ఫిర్యాదు నంబరు ఒకటి ఇచ్చినారు. దాన్ని క్యాలెండరు వెనక రాసి పెట్టినాము. మా ప్లాను ఇంకా నాలుగు నెలలు ఉండాది. మొన్న ఆ బెంగళూరు వ్యాపారి వచ్చే ఫిబ్రవరి పూల కోసం మళ్ళీ వచ్చినాడు. నాయన ఈసారి కట్ట 150 చెప్పినాడు. ఆయన కాసేపు బేరమాడి, 145కి ఒప్పుకొని, అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చి పోయినాడు. అవ్వ తలుపు దగ్గర కూర్చొని చూస్తా ఉండింది. వ్యాపారి బండి పోయినాక నన్ను పిలిచి, ఘటోత్కచుడు లడ్లు తిన్న తర్వాత ఏమయిందో నువ్వన్నా చెప్పు అనింది. నాకు తెలిసినంత చెప్పినాను.