దూరం ఒక సాకు

పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన కింబర్లీ అనే ప్రాంతం ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా దాని విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు మించవు. జనం మాత్రం మన దగ్గర ఒక చిన్న పట్టణమంత. వారిలో పెద్ద భాగం మూలవాసులు. 2012-2016 మధ్య అక్కడ చనిపోయిన 13 మంది మూలవాసి పిల్లలు, యువకుల మరణాలపై రాష్ట్ర కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) రోస్ ఫోగ్లియానీ విచారణ జరిపి 2019 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. ఆ 13 మందిలో 12 మందివి ఆత్మహత్యలని తేల్చారు. ఐదుగురి వయసు 10 నుంచి 13 ఏళ్లే. మన ఇళ్లల్లో ఆ ఈడు పిల్లలు ఐదో తరగతి, ఎనిమిదో తరగతి పుస్తకాలు మోస్తుంటారు.

ఆ నివేదికలో 42 సిఫారసులున్నాయి. అంతకు ముందు 2008లోనే అదే ప్రాంతంలో 22 మరణాలపై మరో కరోనర్ అలిస్టర్ హోప్ నివేదిక ఇచ్చి ఉన్నారు. ఏం చేయాలో ప్రభుత్వానికి తెలియక ఈ పిల్లలు చనిపోవడం లేదు. తెలిసింది చేయకపోవడం వల్లే చనిపోతున్నారు.

ఎందుకు చేయరని అడిగితే ముందుగా వచ్చే జవాబు దూరం. నిజమే, కింబర్లీలోని బ్రూమ్ పట్టణం నుంచి రాజధాని పెర్త్‌కు రెండు వేల కిలోమీటర్ల పైమాటే. ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే ఊరు బ్రూమ్‌కు మరో నాలుగు వందల కిలోమీటర్లు. అయితే అదే ఊరి పిల్లవాడికి కోర్టు నిర్బంధం విధిస్తే, విమానంలో పెర్త్‌లోని బ్యాంక్సియా హిల్ బాలల నిర్బంధ కేంద్రానికి తరలిస్తారు. ఆ రాష్ట్రంలో పదేళ్లు నిండితే చాలు, నేరం మోపవచ్చు. 2023 జనవరి వరదకు ఫిట్జ్‌రాయ్ నది మీది వంతెన ధ్వంసమైతే ఏడాది తిరక్కుండానే కొత్త వంతెన కట్టారు. అక్కడ దూరం అడ్డు రాలేదు. పిల్లవాడి మనసు కుంగిపోయిందన్నప్పుడే కిలోమీటర్లు లెక్కకొస్తున్నాయి.

చికిత్స దొరికే దారి ఎలా ఉంటుందో చూద్దాం. ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ సాయంతో సైకాలజిస్టును కలవాలంటే ముందు ఊరి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆయన మానసిక చికిత్సా ప్రణాళిక రాసి, రిఫరల్ ఇవ్వాలి. ఏడాదికి పది సిటింగులకే ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, అదీ పూర్తిగా కాదు. మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలి. సైకాలజిస్టు ఊళ్లో ఉండడు. ఏ రెండు వారాలకో విమానంలో వచ్చి వెళ్తాడు, లేదా ఫోను తెర మీద కనిపిస్తాడు. పది మంది ఉండే ఇంట్లో ఏ మూల కూర్చుని ఆ కుర్రాడు నోరు విప్పాలి? విప్పేసరికి ఆ సైకాలజిస్టు ఉద్యోగం మారి వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవారికి మళ్లీ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

వైద్యుడు ఎదురుగా ఉన్నా అన్నీ అర్థమవుతాయన్న హామీ లేదు. పెద్దల కళ్లలోకి సూటిగా చూడకపోవడం చాలా మూలవాసి కుటుంబాల్లో మర్యాద. చనిపోయిన బంధువు గొంతు వినిపించిందని చెప్పుకోవడం అక్కడ దుఃఖంలో ఒక భాగం. ఈ సంగతులు తెలియని వైద్యుడు మొదటిదాన్ని ముభావమనీ, రెండోదాన్ని మతిభ్రమణమనీ రాసుకుంటాడు. ఇలాంటి పొరపాట్లకు, తప్పుడు పరీక్షలకు ఆస్ట్రేలియా సైకాలజిస్టుల సంఘమే 2016లో మూలవాసులకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

వీటన్నిటికీ మించింది భయం. దశాబ్దాల పాటు ప్రభుత్వమే మూలవాసి పిల్లలను తల్లుల దగ్గరి నుంచి ఎత్తుకుపోయింది. 1997 నాటి జాతీయ విచారణ ఆ చరిత్రను నమోదు చేసింది, 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అయినా ఇవాళ్టికీ సంరక్షణ పేరిట ఇంటికి దూరంగా పెరిగే పిల్లల రేటు మూలవాసుల్లో ఇతరుల కంటే దాదాపు పది రెట్లు. ఇంట్లో కష్టముందని చెబితే తమ్ముణ్ని, చెల్లెల్ని తీసుకుపోతారేమోనని అనుకునే అమ్మాయి ఏ ఆసుపత్రి గడప తొక్కుతుంది?

కాబట్టి వైద్యం ఎవరి చేతుల్లో ఉందన్నదే అసలు ప్రశ్న. దీనికి మూలవాసులు ఎప్పుడో జవాబు చూపించారు. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో తమ వైద్యశాలను తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. అలాంటివి ఇప్పుడు దేశమంతటా వందకు పైగా ఉన్నాయి. కింబర్లీ బిడ్డ, బార్డి జాతికి చెందిన ప్యాట్ డడ్జన్ ఆత్మహత్యల నివారణకు ఏది పనిచేస్తుందో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. సమాజం నాయకత్వంలో నడిచేవే ఫలిస్తాయని ఆమె బృందం 2016లో చెప్పింది. మూలవాసి సైకాలజిస్టు ట్రేసీ వెస్టర్‌మన్ 13-17 ఏళ్ల మూలవాసి పిల్లల కోసమే ప్రత్యేకంగా మానసిక ఆరోగ్య ప్రశ్నావళి తయారు చేశారు. మూలవాసి విద్యార్థులను సైకాలజిస్టులుగా తీర్చిదిద్దడానికి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు. ఫిట్జ్‌రాయ్ లోయ పెద్దలు యిరిమన్ పేరుతో కుర్రకారును రోజుల తరబడి తమ పూర్వీకుల నేల మీద నడిపించి, భాషా, కథలూ, వేటా నేర్పుతారు. 2022 నుంచి 13యార్న్ అనే ఫోను సేవలో రాత్రీ పగలూ మూలవాసులే మూలవాసులతో మాట్లాడుతున్నారు.

సంస్కృతి పేరు చెప్పి శాస్త్రీయ చికిత్సను పక్కనపెడితే పిల్లలకే నష్టం కదా అని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తీవ్రమైన జబ్బుకు సైకియాట్రిస్టు, మందులు, ఆసుపత్రి కావాల్సిందే. కానీ వెస్టర్‌మన్ చేసింది శాస్త్రమే. డడ్జన్ చేసిందీ శాస్త్రమే. ఆ జనం మీద పరీక్షించని కొలతతో వారి మనసును కొలవడమే అశాస్త్రీయం. మూలవాసులు నడిపే సంస్థలకు ఏడాదికో రెండేళ్లకో ముగిసే గ్రాంట్లు ఇచ్చి, పని ఫలించే వేళకు నిధులు ఆపేసి, ఫలితమేదని అడగడం అన్యాయం. కనీసం పదేళ్లకు సరిపడా నిధులు, ఊళ్లోనే ఉండే సిబ్బంది, ఖర్చు మీద అధికారం వారికే ఇవ్వాలి.

ఇందులో మనకూ పాత్ర ఉంది. విదేశాల్లో చదివిన డాక్టర్లు మెడికేర్ చెల్లింపులు పొందాలంటే సాధారణంగా పదేళ్ల దాకా వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లోనే పనిచేయాలన్నది ఆస్ట్రేలియా నిబంధన. మన దగ్గర ఎంబీబీఎస్ చేసి వెళ్లినవారికీ అదే వర్తిస్తుంది. అంటే చికిత్సా ప్రణాళిక మీద సంతకం పెట్టే ఆ ఊరి డాక్టరు తెలుగువారే కావచ్చు. వారు చేయగలిగింది చాలా ఉంది. స్థానిక మూలవాసి ఆరోగ్య కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఫారం నింపడానికి ముందు ఆ పిల్లవాడు ఎవరి మనవడో అడిగి తెలుసుకోవాలి. ఊరి మూలవాసి వైద్యశాలకు కబురు పంపి, కలిసి పనిచేయాలి. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని 2019 నాటి 42 సిఫారసుల్లో ఎన్ని అమలయ్యాయో నిలదీయాలి. ఆ దేశం మనకు బతుకుతెరువు చూపింది. ఆ నేల బిడ్డలు బతికి బట్టకట్టాలని అడగడం మన బాధ్యత.