టీసీ ఇస్తే తీరిపోతుందా?

గంజాయి తాగుతూ దొరికిన ఇంటర్ విద్యార్థులకు రాత్రికి రాత్రి టీసీలిచ్చి హాస్టల్ ఖాళీ చేయించింది హైదరాబాద్ శివారులోని ఒక కార్పొరేట్ కాలేజీ. ‘మిగతా పిల్లల భవిష్యత్తు కాపాడటానికే’ అని యాజమాన్యం ప్రకటించింది. ఈ మాట పచ్చి అబద్ధం. వాళ్లు కాపాడుకున్నది వచ్చే ఏడాది అడ్మిషన్లను.

మిగతా పిల్లల మీద నిజంగా బెంగ ఉంటే, ఆ పొట్లం హాస్టల్‌లోకి ఎలా వచ్చిందో ముందు ఆరా తీసేవారు. మైనరుకు మత్తుమందు ఇచ్చినవాడికి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష వేయవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదుకు 1908 నంబరుంది. కాలేజీ నుంచి ఆ ఫోన్ వెళ్లలేదు. అమ్మినవాడు గేటు బయట నిక్షేపంగా ఉన్నాడు, తాగిన పిల్లలు ఇంటికి చేరారు. పక్క మంచం కుర్రాడికి దీంతో అర్థమైంది ఒకటే: నోరు మెదపకూడదని. రేపు స్నేహితుడు స్పృహ తప్పి పడిపోయినా వార్డెన్‌ను లేపడానికి జంకుతాడు. ఇదా రక్షణ?

తమకేమీ తెలియదంటున్నారు. పీరియడ్ ఎగ్గొడితే తండ్రికి మెసేజ్ పంపేవాళ్లకు, వారం వారం ర్యాంకులు గోడకు అంటించేవాళ్లకు తెలియదా? మార్కులు జారితే కింది సెక్షన్‌కు మార్చడమే తప్ప ఎందుకు జారాయో అడిగే అలవాటు ఈ కాలేజీల్లో లేదు. ఎర్రబడ్డ కళ్లు, అవి దాచడానికి జేబులో ఐడ్రాప్స్, రాత్రి జాగారం, పగలు నిద్ర, ఉన్నట్టుండి మారిపోయిన స్నేహాలు, ఇంటికి ఫోన్ చేసి పదేపదే డబ్బు అడగడం: ఇవీ గుర్తులు. ఏదో ఒకటి చూసి నేరం మోపకూడదు. నాలుగైదు కలిసి కనిపిస్తే మాత్రం కూర్చోబెట్టి మాట్లాడాలి. గంజాయి ఒక్కటే వెతికినా చాలదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివి పీల్చే అలవాటు పెద్దల్లో కంటే 10-17 ఏళ్ల పిల్లల్లోనే ఎక్కువ. అవి మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి.

ఒకడి వల్ల పదిమంది చెడతారన్న తల్లిదండ్రుల భయం నిజమే. అమ్మకానికి దిగినవాణ్ని వేరు చేయాల్సిందే.

కానీ తాగిన పిల్లవాడు రోగి. ఎదిగే వయసులో గంజాయి జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది. కొందరిని లేనిపోని భ్రమలు, అనుమానాల దాకా లాక్కుపోతుంది. చదువు, తోటివాళ్లు రెండూ ఒక్కసారే దూరమైతే అతనికి మిగిలే తోడు ఆ పొట్లమే. తనంతట తాను చికిత్సకు వచ్చిన మత్తు బానిసను, తక్కువ మోతాదు కేసయితే, ప్రాసిక్యూషన్ నుంచి తప్పిస్తుంది 1985 నాటి మత్తుమందుల చట్టం 64ఏ సెక్షన్. అంత కఠినమైన చట్టం చూపిన దయ కూడా లక్షల ఫీజు తీసుకున్న కాలేజీ చూపలేదు.

ఇంటర్ బోర్డు ఆ టీసీలను వెనక్కి తీసుకునేలా చేయాలి. చికిత్స పూర్తయ్యాక పిల్లలను అదే క్లాసులో కూర్చోబెట్టాలి. మత్తు కేసుల్లో కౌన్సెలింగ్, పోలీసు ఫిర్యాదు లేకుండా టీసీ ఇచ్చే కాలేజీకి గుర్తింపు ఆపేయాలి. ఈ ఉత్తర్వుకు నెలలు పట్టనక్కర్లేదు. ఆ పిల్లలకు మార్చిలో పరీక్షలున్నాయి.