పాతబస్తీని ఒక్క రోజులో చూపమనేవారికి



పల్లెనుండి వియ్యాలవారు వచ్చినా, అమెరికానుండి మేనల్లుడు వచ్చినా నన్ను అడిగేది ఒక్కటే. "ఒక్క రోజులో పాతబస్తీ అంతా చూపించండి." జాబితా వారి వద్ద సిద్ధంగానే ఉంటుంది. చార్మినారు, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియము, లాడ్ బజారు గాజులు, నడుమ బిర్యానీ. సాయంత్రానికి కాళ్లు వాస్తాయి, ఫోను ఫొటోలతో నిండుతుంది. ఏమి చూచితిరని అడిగితే గాజుల ధర చెబుతారు. హాజరు పలికి గోడ దూకే పిల్లవాని చదువుకూ ఈ చూపుకూ నాకు భేదం కనపడదు.

తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక నాకు మరొక బాధ కూడా ఉన్నది. మనవారిలో కొందరు నయాపూల్ దాటగానే పరదేశంలో అడుగుపెట్టినట్లు ముడుచుకొంటారు. "అది వాళ్ల ఊరండీ" అంటారు. ఎవరి ఊరు? 1591లో ఈ నగరాన్ని నిర్మింపజేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తండ్రి ఇబ్రహీమును మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చినాడు. తొలి అచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రను పొన్నికంటి తెలగన ఎవరికిచ్చినాడు? ఆ ప్రభువుల కొలువులోని అమీన్‌ఖానుకు. పరీక్షలో రెండు మార్కులకోసం ఈ పేర్లు వ్రాసినవారే, ఆ మల్కిభరాముని కొడుకు వేయించిన వీధిలో నిలబడి "వాళ్ల ఊరు" అంటుంటే ఏమనాలి!

అందుచేత నాతో వచ్చేవారికి నాదొక నియమము. రోజుకు మూడే చోట్లు, అదీ నడిచి.

మొదటిది నదికి ఈవల, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు నిలుపుకొన్నారట. చెట్టును చూడటానికి టిక్కెట్టు లేదు. బహుశా అందుకే ఎవరూ చూడరు.

తరువాత వంతెన దాటి పత్తర్‌గట్టీ వైపు కొంత నడిస్తే బాద్షాహీ ఆషూర్‌ఖానా. మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. చార్మినారు కట్టించిన సుల్తానే కట్టించినాడు. చెప్పులు విప్పి లోనికి వెళ్లి, గోడల ఎదుట ఒక అరగంట ఊరక కూర్చోమంటాను. పసుపు, నీలం, ఆకుపచ్చ మెరుగుపలకల అతుకులతో తీర్చిన పనితనమది. నాలుగు శతాబ్దాల తరువాత కూడా రంగు వెలవెలబోలేదు. అయితే కొన్ని చోట్ల మెరుగు కనపడదు, ఉత్త రంగుపూత. అదే 1908 వరదలో పలకలు పాడైపోగా, ఆ నగిషీనే రంగులతో అనుకరించినారు. ఇందాకటి చింతచెట్టును చూచి వచ్చినవారికి ఆ గోడ అర్థమైనట్లు మరొకరికి కాదు. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ గడియారం ముందు గుమిగూడే జనంలో పదోవంతైనా ఇటు రారెందుకో.

మూడవది చార్మినారే. కాని పైకెక్కే తొందర వద్దు. ముందు గుల్జార్ హౌజ్ వద్ద నిలిచి నలువైపులా ఉన్న నాలుగు కమానులనూ చూడమంటాను. నగరాన్ని వీధులతో సహా ముందే ఊహించి గీసుకొన్న మనిషి మనసు అక్కడ తెలుస్తుంది. సందడిలో ఎవరో ఒకరు కొంత తెలుగులో, కొంత ఉర్దూలో బేరమాడుతూనే ఉంటారు. అదీ వినవలసిందే.

చౌమహల్లా ఏదని అలిగేవారికి రెండవరోజు ఉన్నది. శుక్రవారం మాత్రం వద్దు. ఆనాడు దానికీ, సాలార్‌జంగ్‌కూ సెలవు.